కుంచం ఎవరి చేతిలో ఉంది?

(వేసవి యువజన శిక్షణా తరగతుల్లో, పదో తరగతి ఫలితాల సర్వేకు ఊళ్లకు బయలుదేరే కార్యకర్తలతో మాట్లాడిన మాటలకు రాత రూపం)



రేపటి నుంచి మనం ఊళ్లకు పోతున్నాం. ఆశ్రమ పాఠశాలల ఫలితాలు సేకరించి, విశ్లేషించి, ఐటీడీఏ పీవో గారికి ఇద్దామనుకున్నాం. ఫారాలు ప్రింటయ్యాయి, బండ్లకు పెట్రోలు డబ్బులు కూడా పోగేశారు. బయలుదేరే ముందు ఒక్క విషయం తేల్చుకుందామని మిమ్మల్ని కూర్చోబెట్టాను. ఫలితాలు తెచ్చాక వాటిని దేనితో కొలుస్తాం?

ముందు మా నాయనమ్మ సంగతి చెబుతాను. ఆమె సంతకు చింతపండు, ఇప్పపువ్వు, కరక్కాయలు మోసుకుపోయేది. షావుకారు దగ్గర రెండు కుంచాలు ఉండేవట. మన సరుకు కొనేటప్పుడు పెద్ద కుంచం తీసి, పైన పొంగేలా పోయించుకునేవాడు. మనకు ఉప్పు అమ్మేటప్పుడు చిన్న కుంచం తీసి, అంచుకు గీసి ఇచ్చేవాడు. నాయనమ్మకు చదువు రాదు. కానీ ఇంటికొచ్చి, "సరుకు నాది, మోసిన నెత్తి నాది, కుంచం మాత్రం వాడిది" అనేది. ఈ మోసం గురించి మన పెద్దలు మొత్తుకుంటేనే 1956లో గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ వచ్చింది. అది ఎంత బాగా పనిచేసింది అన్నది వేరే చర్చ. కొలత కూడా హక్కుల సమస్యేనని మనవాళ్లు ఆనాడే గుర్తించారు.

పరీక్ష ఫలితం కూడా కుంచమే. మన పిల్లలు ఎన్నేళ్లు మోసిన చదువునో అందులో పోసి, "ఇంతే" అంటారు. ఆ కుంచం ఎంతదో, ఎవరు తయారు చేశారో, పొంగేలా పోస్తున్నారో గీసి ఇస్తున్నారో మనం అడగం. పేపర్లో అంకె చూసి సంతోషపడతాం, లేదంటే తలదించుకుంటాం.

మనం చేసిన తప్పు

షావుకారునే అనడం సులువు. పోయినేడు కుంచం మన చేతికే వచ్చింది. మనం ఏం చేశాం?

మన మండలంలోని బడుల పాస్ శాతాలు రాసుకుని, ఎక్కువ నుంచి తక్కువకు వరసగా పెట్టి, ఫస్ట్, సెకండ్, లాస్ట్ అని ర్యాంకులిచ్చాం. ఫోన్లలో అందరికీ పంపాం. ఆ జాబితా తయారు చేసింది వేరెవరో కాదు, నేనే. ఆ రాత్రి గొప్ప పని చేశాననుకుని పడుకున్నాను.

ఆఖరి ర్యాంకు వచ్చిన బడిలో 26 మంది పరీక్ష రాశారు, 17 మంది పాసయ్యారు. అంటే 65 శాతం. మొదటి ర్యాంకు బడిలో 19 మంది రాశారు, 19 మందీ పాస్. నూటికి నూరు. చూడగానే ఎవరికైనా ఏమనిపిస్తుంది? ఇది మంచి బడి, అది చెడ్డ బడి.

నెల తర్వాత ఆ ఆఖరి బడి హెడ్మాస్టరు గారిని కలిశాను. ఆయన కోప్పడలేదు. హాజరు రిజిస్టర్ తీసి నా ముందు పెట్టాడు. ఆ 26 మందిలో ఎనిమిది మంది ఏడాది మధ్యలో బడి మానేసి మిరప కోతలకు పోయిన పిల్లలు. ఆయన ఇళ్లకు తిరిగి, తల్లిదండ్రులను బతిమాలి వాళ్లను వెనక్కి తెచ్చాడు. ఎనిమిది మందిలో ఇద్దరు పాసయ్యారు, ఆరుగురు తప్పారు. "బాబూ, వాళ్లను తేకుండా ఉంటే నాకు 18 మందిలో 15 మంది పాస్. 83 శాతం. మీ జాబితాలో నడుమ ఎక్కడో ఉండేవాణ్ణి" అన్నాడు. ఆ ఆరుగురిలో ముగ్గురు జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీలో పాసయ్యారు. మన జాబితాలో ఆ ముచ్చటే లేదు. ఎందుకంటే మనం రెగ్యులర్ ఫలితాలు రాగానే పుస్తకం మూసేశాం.

మొదటి ర్యాంకు బడి సంగతి తర్వాత తెలిసింది. అక్కడ నామినల్ రోల్స్ పంపే సమయానికి ఏడుగురు పిల్లల పేర్లు లేవు. హాజరు తక్కువ అన్నారు, టీసీ తీసుకున్నారు అన్నారు. ఆ ఏడుగురిలో ఒకరిద్దరిని నేను తర్వాత పత్తి చేలో చూశాను.

ఇంతటితో అయిపోలేదు. మన జాబితా చూసి పైవాళ్లు ఆ హెడ్మాస్టరుకు మెమో ఇచ్చారు. ఈ ఏడు డిసెంబర్‌లో ముగ్గురు పిల్లలు కోతల నుంచి తిరిగొస్తే ఆయన చేర్చుకోలేదు. "వచ్చే ఏడు రండి" అన్నాడట. నేను ఆయన్ని తప్పు పట్టలేను. పిల్లల్ని తెచ్చినందుకు మనమే శిక్ష వేశాం. ఆ ముగ్గురు పిల్లలు బడి బయట ఉన్నారంటే అందులో నా జాబితాకు కూడా భాగం ఉంది.

అందుకే ఈ మాటలు చెబుతున్నాను. తప్పు కొలబద్ద పెట్టుకుంటే లెక్క తప్పడంతో ఆగదు, పిల్లల బతుకు మీద పడుతుంది.

అంకె ఒక్కటే ఉంటే అర్థం లేదు

72 శాతం అంటే ఎక్కువా, తక్కువా? ఎవరూ చెప్పలేరు. పక్కన ఇంకో అంకె పెడితేనే తెలుస్తుంది. పోయినేడు 60 ఉంటే ఇది ఎక్కువ. జిల్లాలో 90 ఉంటే ఇది తక్కువ. ఆ పక్కన పెట్టే అంకెనే కొలబద్ద అంటున్నాను. ఇంగ్లీషులో బెంచ్‌మార్క్ అంటారు. పక్కన ఏది పెడతాం అన్నదాంట్లోనే సగం తీర్పు ఉంటుంది. కాబట్టి ఏ అంకె చూసినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎంతమందిలో? ఎవరితో? ఎప్పటితో? దేన్ని?

మొదటిది: ఎంతమందిలో?

పాస్ శాతం అంటే పరీక్ష రాసినవాళ్లలో ఎంతమంది పాసయ్యారు అని. రాయనివాళ్లు ఆ లెక్కలోకే రారు.

నా సొంత బ్యాచ్ చెబుతాను. ఆరో తరగతిలో మేం 40 మందిమి చేరాం. పదో తరగతి పరీక్ష మా బడి నుంచి 22 మందిమి రాశాం, అందరం పాసయ్యాం. బడి గేటుకు ఫ్లెక్సీ కట్టారు, "శతశాతం ఉత్తీర్ణత" అని. ఫొటోలో నేనూ ఉన్నాను. ఆ ఫ్లెక్సీలో లేని 18 మంది ఏరి? అయిదుగురు వేరే బడులకు మారి అక్కడ పరీక్ష రాశారు. మిగతా 13 మంది ఏ బడిలోనూ లేరు. కొందరు పనులకు పోయారు. ఇద్దరు ఆడపిల్లలకు పెళ్లిళ్లయ్యాయి. ఒకడు జ్వరంతో ఇంటికి పోయి మళ్లీ రాలేదు, ఎందుకు రాలేదో ఎవరూ అడగలేదు.

ఇక్కడ మనమూ నిజాయితీగా ఉండాలి. 18 మందినీ "మానేశారు" అని రాస్తే అది అబద్ధం. వేరే బడికి పోయిన అయిదుగురు చదువుకుంటూనే ఉన్నారు. అందుకే పేరు పేరునా తిరిగి కనుక్కోవాలి. ప్రభుత్వ లెక్కల్లో ఆచూకీ లేని పిల్లల్ని ఆన్‌లైన్‌లో డ్రాప్ బాక్స్‌లో వేస్తారు. మనకు డ్రాప్ బాక్స్ అక్కర్లేదు. ఎవరి ఇల్లు ఎక్కడుందో మనకు తెలుసు. ఐటీడీఏ ఆఫీసుకు లేని బలం మనకు ఇదే.

కాబట్టి మన మొదటి కొలబద్ద: ఆరో తరగతిలో చేరిన పిల్లల్లో ఎంతమంది, ఎక్కడైనా సరే, పది పూర్తి చేశారు? సప్లిమెంటరీ కూడా కలిపి. ఈ అంకె ముందు పెడితే పిల్లల్ని వదిలించుకున్న బడికి లాభం ఉండదు, వెనక్కి తెచ్చిన బడికి నష్టం ఉండదు.

రెండోది: ఎవరితో?

మన ఆశ్రమ పాఠశాలను గురుకులంతో పోలుస్తారు. "వాళ్లూ గిరిజన పిల్లలే కదా, వాళ్లకు ఎందుకొస్తున్నాయి మార్కులు?" అంటారు. గురుకులంలో అయిదో తరగతికి ప్రవేశ పరీక్ష ఉంటుంది. ఏకలవ్య మోడల్ స్కూల్లో ఆరో తరగతికి ఉంటుంది. ముందే ఏరి తీసుకున్న పిల్లలు వాళ్లు. ఆశ్రమ పాఠశాల తలుపు కొట్టినవాళ్లందరినీ చేర్చుకుంటుంది. జల్లెడ పట్టిన గింజల్నీ జల్లెడ పట్టనివాటినీ పక్కపక్కన పోసి, చూడు నీ వడ్లలో తాలు ఎక్కువ అంటే ఎట్లా?

ఇంకో పోలిక చూడండి. 2022లో పదో తరగతి పాస్ శాతం తెలంగాణలో 90.00, ఆంధ్రప్రదేశ్‌లో 67.26. భద్రాచలం ఇటు ఉంది, చింతూరు, కూనవరం అటు ఉన్నాయి. 2014 దాకా మనదంతా ఒకే జిల్లా. ఈ ఒడ్డున అక్క ఉంటే ఆ ఒడ్డున చెల్లె ఉంది. ఒకే కోయ ఇంట్లో పిల్లలు గీతకు ఇటుపక్క తెలివైనవాళ్లు, అటుపక్క మొద్దులు అయిపోయారా? కాదు. పరీక్ష వేరు, పేపర్లు వేరు, దిద్దే పద్ధతి వేరు. రెండు బోర్డుల శాతాలు రెండు వేరే కుంచాలు. వాటిని పక్కపక్కన పెట్టి పిల్లల గురించి ఏమీ చెప్పలేం.

మరి ఎవరితో పోల్చాలి? మనలాంటి బడితో. అంటే ప్రవేశ పరీక్ష లేని బడి, హాస్టల్ ఉన్న బడి, ఇంట్లో తెలుగు మాట్లాడని పిల్లలు అంతే మంది ఉన్న బడి, రోడ్డు అంతే దూరమున్న బడి. అట్లాంటివి నాలుగైదు ఏరండి. వాటిలో ఒకదానికి లెక్కల్లో బాగా వస్తుంటే, అక్కడికి పోయి ఏం చేస్తున్నారో చూసి రండి. పోలిక నేర్చుకోవడానికి పనికి రావాలి, తలదించుకోవడానికి కాదు.

జాతీయ సర్వేల గురించి ఒక మాట. న్యాస్ అని 2017లో, 2021లో జరిగింది. 2024 డిసెంబర్‌లో పరఖ్ పేరుతో 3, 6, 9 తరగతులకు జరిగింది. ఇవి కొన్ని బడుల్ని, కొందరు పిల్లల్ని ఎంచుకుని జిల్లా మొత్తానికి అంచనా చెప్పే సర్వేలు. జిల్లా కోసం తీసిన అంకెను తెచ్చి మన ఊరి బడికి అంటించకండి. జిల్లా అధికారుల్ని నిలదీయడానికి అది పనికొస్తుంది. ఒక పంతులమ్మను నిలదీయడానికి పనికిరాదు.

మూడోది: ఎప్పటితో?

కొందరు తమ్ముళ్లు అయిదారేళ్ల గ్రాఫ్ గీసుకొచ్చారు. మంచి పనే. అయితే 2020, 2021 దగ్గర గీత ఆకాశానికి పోయింది. ఎందుకు? కరోనా వల్ల పరీక్షలు రద్దు చేసి అందర్నీ పాస్ చేశారు. ఆ రెండేళ్లను మొదలుగా పెట్టుకుంటే ఆ తర్వాత ప్రతి బడీ పడిపోయినట్టే కనిపిస్తుంది. 2022లో పరీక్ష జరిగింది కానీ 70 శాతం సిలబస్‌తో, 11 పేపర్లకు బదులు 6 పేపర్లతో జరిగింది. కాబట్టి 2019 నాటి అంకెనూ 2022 నాటి అంకెనూ నేరుగా పోల్చలేం. రాష్ట్రం మొత్తం మీద తెలంగాణలో 2023లో 86.60, 2024లో 91.31, 2025లో 92.78 వచ్చింది. మన బడి శాతం రెండు పెరిగితే సంబరపడే ముందు రాష్ట్రం ఎంత పెరిగిందో చూడాలి. రాష్ట్రం నాలుగు పెరిగిన ఏడాది మనం రెండే పెరిగితే, మిగతా వాళ్లకన్నా వెనకబడ్డాం అని అర్థం.

ఇంకొకటి. మన బడులు చిన్నవి. 14 మంది రాసే బడిలో ఒక్క పిల్ల తప్పితే ఏడు శాతం పోతుంది. పరీక్షల వారంలో ఇద్దరికి మలేరియా వస్తే ఆ బడి ర్యాంకు అడుక్కి పోతుంది. దానికి పంతులూ కారణం కాదు, పిల్లలూ కారణం కాదు. అందుకని చిన్న బడికి ఒక ఏడాది శాతం రాయొద్దు. మూడేళ్ల పిల్లల్ని కలిపి లెక్కకట్టండి. అసలు శాతమే రాయకుండా "14 మందిలో 11 మంది" అని రాస్తే ఇంకా మంచిది. చదివేవాడికి మనుషులు కనబడతారు.

నాలుగోది: దేన్ని కొలుస్తున్నాం?

35 మార్కుల గీత ఒక్కటే పెట్టుకుంటే ఏమవుతుందో చూడండి. ఒక పిల్లకు ఏడాది మొదట్లో లెక్కల్లో 33 వచ్చాయి, ఆఖర్లో 36 వచ్చాయి. గీత దాటింది, విజయం. ఇంకో పిల్లాడికి మొదట్లో 6 వచ్చాయి, ఆఖర్లో 29 వచ్చాయి. గీత దాటలేదు, ఫెయిల్. ఎవరు ఎక్కువ దూరం నడిచారు?

గీత ఒక్కటే ఉంటే పంతుళ్లు కూడా గీత దగ్గరున్న పిల్లల చుట్టూనే తిరుగుతారు. జనవరి నుంచి స్పెషల్ క్లాసుల్లో 25 నుంచి 34 మధ్య ఉన్నవాళ్లకు ప్రశ్నలు బట్టీ పట్టిస్తారు. అయిదు మార్కులవాడు వెనక బెంచీలో నిద్రపోతాడు, ఎనభై మార్కుల పిల్ల తనంతట తాను చదువుకుంటుంది. ఇది ఒక పంతులు చెడ్డతనం కాదు. మనం పెట్టిన గీతే వాళ్లతో ఆ పని చేయిస్తోంది.

పదో తరగతి దాకా ఆగితే ఆలస్యం కూడా. అప్పటికి చేయగలిగేది తక్కువ. గ్రామీణ పిల్లల మీద 2005 నుంచి అసర్ సర్వే జరుగుతోంది. దాని సాధనం ఎంత సాదా అంటే, ఒక్క కాగితం మీద అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి పేరా, రెండో తరగతి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం. పిల్లవాడు ఎక్కడ ఆగిపోయాడో పది నిమిషాల్లో తెలుస్తుంది. ఆరో తరగతిలో చేరిన జూన్‌లోనే ఇట్లాంటిది పెట్టి, మళ్లీ మార్చిలో పెడితే, ఆ ఏడాది బడి ఏం ఇచ్చిందో తెలుస్తుంది. బయలుదేరిన చోటు తెలియకుండా ఎంత దూరం వచ్చారో చెప్పలేం కదా.

ఇక్కడ ఒక జాగ్రత్త. భాష. మన కోయలో ఏరు అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. ఒకటో తరగతి పిల్ల దాహమేసి "ఏరు" అంటే, పంతులుకు వాగు కనిపిస్తుంది. "దాహమైతే ఏం తాగుతావు?" అన్న ప్రశ్నకు ఆ పిల్ల తెలిసిన జవాబే చెప్పింది, కానీ తప్పు పెట్టారు. అక్కడ కొలిచింది తెలివినా, తెలుగునా? ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, గోండి, కొలామి, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో మాతృభాషా బోధన మొదలుపెట్టారు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ కూడా వీలైనంత వరకు పిల్లల మాతృభాషలోనే చెప్పాలంటుంది. కాబట్టి మనం చిన్న పిల్లలకు లెక్క అడిగేటప్పుడు నోటితో, కోయలో అడుగుదాం. అదే లెక్క తెలుగులో కూడా అడుగుదాం. రెండింటి మధ్య తేడా ఎంతో రాద్దాం. లెక్క రాని పిల్లకు లెక్క నేర్పాలి. ప్రశ్న అర్థం కాని పిల్లకు భాష నేర్పాలి. రెండు జబ్బులకు ఒకే మాత్ర వేయకూడదు.

ఎస్టీ అనే ఒక్క గడి చాలదు

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67 శాతం, ఎస్టీలది 49.2 శాతం. ఈ తేడా మనకు ఆయుధం. కానీ ఆ 49.2 లోపల కూడా ఎత్తుపల్లాలున్నాయి. రోడ్డు పక్క ఊరి కోయ పిల్ల, గుట్ట మీద కొండరెడ్డి పిల్లాడు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చి సర్టిఫికెట్ కూడా లేని గుత్తికోయ పిల్లలు, వీళ్లంతా ఒకే గడిలో ఉంటే వెనకున్నవాళ్లు ముందున్నవాళ్ల నీడలో మాయమైపోతారు. ఎస్టీ సగటు పెరిగిందని మనమే సంబరం చేసుకుంటే, రేపు కొండరెడ్డి తమ్ముడు వచ్చి "అన్నా, నీ కుంచంలో నేనెక్కడ?" అంటే ఏం చెబుతాం? ఫారంలో ఏ తెగ, ఆడపిల్లా మగపిల్లాడా, ఇంట్లో ఏ భాష, ఈ మూడూ వేరువేరుగా రాయండి. అయితే ఒక బడిలో కొండరెడ్డి పిల్లలు ఇద్దరే ఉంటే ఆ బడి పేరుతో ఆ అంకె బయట పెట్టకండి. ఊరంతా వాళ్లెవరో గుర్తుపడతారు. మండలం మొత్తం కలిపి చూపించండి.

గీత తగ్గించమంటున్నామా?

నిన్న ఒక చెల్లె అడిగింది. "అన్నా, మనలాంటి బడులతోనే పోల్చుకుంటే, బయలుదేరిన చోటు నుంచే లెక్కపెట్టుకుంటే, మన పిల్లలకు తక్కువ చాలు అని మనమే ఒప్పుకున్నట్టు కాదా? రేపు డిగ్రీలో, ఉద్యోగంలో ఎవరైనా మనకు దూరం లెక్కగట్టి మార్కులేస్తారా?"

చాలా మంచి ప్రశ్న. రాత్రంతా ఆలోచించాను. డిగ్రీ మొదటి ఏడాది నేను ఇంగ్లీషు పేరా ఒకటి చదవలేక క్లాసులో నిలబడిపోయాను. ఆ రోజు నాకు ఎవరూ "నువ్వు ఎక్కడి నుంచి వచ్చావో చూస్తే ఇదే ఎక్కువ" అనలేదు. అన్నా నాకు ఉపయోగం లేదు.

అందుకే నా జవాబు ఇది. కొలబద్దలు రెండు ఉండాలి. రెంటినీ కలపకూడదు. పిల్లల కోసం పెట్టే కొలబద్ద హైదరాబాద్ పిల్లలకు ఏదో మనకూ అదే. చదవడం రావాలి, లెక్క రావాలి, పది దాటాలి, ఇంటర్ చేరాలి. అందులో అంగుళం తగ్గేది లేదు. బడిని, పంతుల్ని కొలిచేటప్పుడు మాత్రం పిల్లలు ఎక్కడ మొదలయ్యారు, ఎంత ముందుకు వచ్చారు అన్నది చూడాలి. సంతకు అందరూ చేరాల్సిందే. కానీ గుట్ట మీద నుంచి దిగి వచ్చినవాణ్ణి రోడ్డు మీద ఆటో ఎక్కి వచ్చినవాడితో పోల్చి సోమరి అనకూడదు. ఆ గుట్టకు రోడ్డు ఎందుకు లేదని అడగాలి.

ఆ అడగాల్సింది మూడో కొలబద్ద. ప్రభుత్వానికి కూడా పరీక్ష పెడదాం. ప్రశ్నపత్రం మనం కొత్తగా తయారు చేయక్కర్లేదు, విద్యాహక్కు చట్టంలోనే ఉంది. అయిదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల బోధన. ఆరు నుంచి ఎనిమిది దాకా 220 దినాలు, 1000 గంటలు. ప్రాథమిక బడిలో 30 మంది పిల్లలకు ఒక టీచరు. మన బడిలో లెక్కల పోస్టు ఎన్ని నెలలు ఖాళీగా ఉంది? సీఆర్టీలకు జీతం ఎన్నాళ్లు ఆగింది? వాగు పొంగి ఎన్ని రోజులు బడి నడవలేదు? ఏజెన్సీలో టీచర్ పోస్టులు స్థానిక గిరిజనులకే అన్న 2000 సంవత్సరపు జీవో నంబర్ 3ను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత మన భాష తెలిసిన టీచర్లు ఒక్కో బడిలో ఎంతమంది ఉన్నారు? ఇవి పక్కన లేకుండా పిల్లల మార్కులు ఒక్కటే ప్రకటిస్తే, ఆరు నెలలు లెక్కల పంతుల్ని ఇవ్వనివాడు తప్పించుకుంటాడు, లెక్కలు రాని పిల్ల దొరికిపోతుంది.

రేపటి నుంచి పని

ఫారంలో ఆరు గడులే ఉంటాయి. ఒకటి, ఆరో తరగతిలో చేరినవాళ్లు, వాళ్లలో ఒక్కొక్కరు ఇప్పుడు ఎక్కడ. రెండు, పరీక్ష రాసినవాళ్లు, పాసైనవాళ్లు, సప్లిమెంటరీ కలిపి, మూడేళ్లవి. మూడు, సబ్జెక్టువారీగా తప్పినవాళ్లు. నాలుగు, మానేసి తిరిగొచ్చిన పిల్లలు ఎంతమంది. అయిదు, తెగ, ఆడ మగ, ఇంటి భాష. ఆరు, ఖాళీ పోస్టులు, బడి నడిచిన రోజులు. బడిలో ఇవ్వకపోతే గొడవ పడొద్దు. 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పిల్లల పేర్లు మన పుస్తకం దాటి బయటకు పోకూడదు.

అంకెలు వచ్చాక ముందు ఆ బడి పంతుళ్లకు చూపించండి. వాళ్లు చెప్పేది రాసుకోండి. తర్వాత పాఠశాల కమిటీలో, గ్రామసభలో తల్లిదండ్రులకు కోయలో చదివి వినిపించండి. ఆ తర్వాతే ఐటీడీఏకు ఇద్దాం. ఈసారి ర్యాంకులు ఉండవు. ఎవరు ఫస్ట్ అని పేపరువాళ్లు అడిగితే, ఏ బడి ఎంతమందిని వెనక్కి తెచ్చింది, ఏ బడికి ఎన్ని నెలలు పంతులు లేడు అన్నది చెప్పండి.

నేను మాత్రం రేపు పొద్దున్నే పోయినేడు ఆఖరి ర్యాంకు ఇచ్చిన బడికి పోతున్నాను. ఆ హెడ్మాస్టరు గారికి క్షమాపణ చెప్పాలి. ఆ ముగ్గురు పిల్లల ఇళ్లకు ఆయన్ని తోడు రమ్మని అడగాలి. జూన్‌లో బడి తెరిచే రోజుకు వాళ్లు లోపల ఉండాలి. నాతో ఇద్దరు రండి, బండి మీద చోటుంది.

మా నాయనమ్మ పోయి అయిదేళ్లయింది. ఆమె కుంచం మాట ఇన్నాళ్లూ షావుకారును తిట్టడానికే వాడుకున్నాను. ఇప్పుడు కుంచం మన చేతిలో ఉంది. పొంగించి పోయొద్దు, గీసి పోయొద్దు. ఒక్క గింజ కూడా కింద పడకుండా కొలుద్దాం.

జై ఆదివాసీ. జోహార్.